12 బోర్ తుపాకీకి ఏ నూనె, ఎక్కడ, ఎంత: సముద్రతీరంలో ఒక నిర్వహణ డైరీ

ఈ పని కాకినాడ దగ్గర, సముద్రపు గాలి నేరుగా తగిలే ఇంట్లో జరుగుతోంది. తుపాకీ మన ఆయుధ కర్మాగారాలలో తయారైన రెండు గొట్టాల 12 బోర్, అంటే సీసపు గుళ్లు కాల్చేది. దాని సుత్తులు బయటికి కనిపించవు, లోపలే ఉంటాయి. లైసెన్సు నా పేరు మీదే ఉంది. తీరప్రాంతంలో ఇలాంటి తుపాకీ ఉన్న లైసెన్సుదారులు నూనె ఎంచుకోవడంలో డబ్బూ సమయమూ వృథా చేసుకోకుండా ఉండాలన్న ఉద్దేశంతో ప్రతి దశలోనూ ఏది పనిచేసిందో, ఏది చేయలేదో, ఎంత ఖర్చయిందో రాసి పెడుతున్నాను. ఇక్కడ చెప్పినదంతా శుభ్రపరచడానికీ నూనె వేయడానికీ సంబంధించినదే. మరలు విప్పి లోపలి యంత్రాన్ని బయటికి తీయవలసిన పని వచ్చిన చోట లైసెన్సు ఉన్న మరమ్మతుదారు దగ్గరికే వెళ్లాను.

మొదటి దశ: ఉన్న స్థితిని నమోదు చేయడం

2024 ఎన్నికల షెడ్యూలు మార్చి 16న వెలువడగానే, ఎన్నికల వేళ అప్పగించవలసి రావడంతో తుపాకీ డిపాజిట్‌లోకి వెళ్లింది, జూన్ 4న ఓట్ల లెక్కింపు ముగిసిన తరువాత గాని తిరిగి చేతికి రాలేదు. తీరప్రాంతపు ఎండాకాలమంతా అది కాన్వాసు తొడుగులోనే ఉంది. గాలిలోని తేమను పీల్చుకున్న బట్ట దానిని ఇనుముకు ఆనించి ఉంచుతుంది కనుక, నూనె రాసిన తుపాకీని కూడా నెలల తరబడి తొడుగులో ఉంచకూడదు. తోలు తొడుగు ఇంకా చెడ్డది, ఎందుకంటే తోలును పదును చేసేటప్పుడు వాడిన ఉప్పులు, ఆమ్లాలు కొంత అందులోనే మిగిలిపోతాయి.

వెలుతురులో భూతద్దం పట్టి చూసినప్పుడు గొట్టాల మీద 11 చోట్ల ఎర్రటి మచ్చలు కనిపించాయి. వాటిలో ఎక్కువ భాగం రెండే తావుల్లో ఉన్నాయి: అరచేయి ఆనే గొట్టాల అడుగు భాగం, రెండు గొట్టాలనూ కలిపే పై పట్టీ అంచు. మొదటి చోట చేతి చెమటలోని ఉప్పు, రెండో చోట పట్టీ సందులో నిలిచిన తేమ కారణమని స్థలాన్ని బట్టే తెలుస్తుంది. తుపాకీ తెరిచే పై మీట కూడా పూర్తిగా మధ్యకు రాకుండా కుడి వైపు 4 మి.మీ. దూరంలోనే ఆగిపోతోంది. దీని సంగతి అయిదో దశలో వస్తుంది.

తుపాకీ ఉంచే ఇనప బీరువాలో తేమమాపకం పెడితే వారమంతా 78 నుంచి 84 శాతం మధ్యే చూపించింది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. గాలిలో సముద్రపు ఉప్పు కూడా ఉన్నప్పుడు అంతకంటే తక్కువ తేమే చాలు.

ఖర్చు: తేమమాపకం 400 రూపాయలు. ఇప్పటికి మొత్తం 400.

రెండో దశ: పైతుప్పు తీయడం

గొట్టాల నలుపు రంగు పెయింటు కాదు. అది ఇనుము పైపొరను రసాయనికంగా మార్చి తెచ్చిన నల్లటి ఆక్సైడు పొర. తుప్పును కరిగించేవి చాలావరకు ఈ పొరనూ కరిగిస్తాయి. బయటికి కనిపించని చోట, ముందు కట్టెలోని (గొట్టాల కింద చేత్తో పట్టుకునే చెక్క) ఇనుము లోపలి వైపు, ఒక చుక్క వెనిగర్ పెట్టి చూస్తే కొన్ని నిమిషాలలోనే నలుపు పోయి బూడిద రంగు తేలింది. నిమ్మరసానికీ, దుకాణాలలో అమ్మే తుప్పు తొలగించే ఆమ్లపు ద్రావకాలకూ ఇదే గుణం ఉంది. ఉప్పు కాగితం, గిన్నెలు తోమే స్టీలు పీచు రెండూ నలుపునూ తుప్పునూ కలిపే గీకేస్తాయి కాబట్టి వాటిని దగ్గరికి రానీయలేదు.

వాడిన పద్ధతి ఇది:

1. తుపాకీని తెరిచి రెండు ఛాంబర్లూ (గొట్టాలలో తూటా పెట్టే చోట్లు) ఖాళీగా ఉన్నాయని కంటితోనూ వేలితోనూ చూసుకోవాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.
2. గొట్టాలు, యాక్షన్ (మీట, సుత్తులు ఉండే యంత్రభాగం), ముందు కట్టె అనే మూడు భాగాలుగా విడదీయాలి.
3. మచ్చల మీద పలుచని నూనె పోసి రాత్రంతా వదిలేయాలి.
4. 0000 నంబరు స్టీల్ వూల్‌ను (అతి సన్నని ఉక్కు పీచు) నూనెలో తడిపి, గొట్టం పొడవునా, బరువు మోపకుండా రుద్దాలి.
5. ఎర్రబడిన నూనెను తుడిచేసి, కొత్త నూనెతో మళ్లీ మొదలుపెట్టాలి. తెల్లటి గుడ్డకు ఎరుపు అంటనప్పుడు ఆపాలి.

8 మచ్చలు ఆనవాలు లేకుండా పోయాయి. మిగిలిన 3 చోట్ల గోటికి తగిలీ తగలనంత గుంటలు మిగిలాయి. వారం తిరిగేసరికి అవే గుంటలు నూనె కింద మళ్లీ ఎర్రబడ్డాయి. గుంటలో చిక్కిన ఉప్పు నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది. దాని మీద ఎంత మంచి నూనె పూసినా తుప్పుకు మూత వేసినట్టే అవుతుంది. అందుకని పద్ధతి మార్చి, ముందు స్పిరిట్‌తో జిడ్డు తీసి, బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన గుడ్డతో ఆ మూడు చోట్లా పలుమార్లు అద్ది, వెంటనే జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో గొట్టం గోరువెచ్చగా అయ్యేదాకా ఆరబెట్టి, ఆ వేడి మీదే నూనె రాశాను. ఆ తరువాత ఎరుపు తిరిగి రాలేదు.

ఖర్చు: స్టీల్ వూల్ 250. మొత్తం 650.

మూడో దశ: గొట్టం లోపల

12 బోర్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మి.మీ. కాబట్టి రైఫిలు కోసం తయారైన కడ్డీలు, బ్రష్షులు ఇందులో పనికిరావు. మూడు ముక్కలుగా బిగించే చెక్క కడ్డీ, ఉక్కు కంటే మెత్తనైన ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్షు, ఉన్ని మాప్ కొన్నాను. ఇంట్లో ఉన్న పాత బ్రష్షుకు మధ్యలో ఉక్కు తీగలు ఉన్నందువల్ల దానిని వాడలేదు.

గొట్టంలో మిగిలే మురికి మూడు రకాలు, వాటికి మందులూ మూడు రకాలే. కాలిన తుపాకిమందు మసి మామూలు ద్రావకానికి లొంగుతుంది. ఛాంబర్ ముందు గొట్టం సన్నబడే చోట అంటుకునే సీసం బ్రష్షు రాపిడికే వస్తుంది, ద్రావకానికి రాదు. ఇప్పటి తూటాలలో గుళ్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ గిన్నె గొట్టం గోడకు పలుచని పొరగా అంటుకుంటుంది, దానిని దీపపు వెలుగులో చూసి చాలామంది తుప్పు గుంటలనుకుంటారు. ఆ పొర మీద బ్రష్షు నడిస్తే బూడిద రంగు ఈకల్లాంటి పోగులు బయటికి వస్తాయి.

కిరసనాయిలుతో మొదలుపెట్టాను. మసి బాగానే పోయింది కాని ప్లాస్టిక్ కదలలేదు. పైగా కిరసనాయిలు ఉన్న నూనెనంతా కడిగేసి, ఆరిన తరువాత ఇనుమును వట్టిగా వదిలింది. తరువాత దుకాణంలో దొరికే బోర్ సాల్వెంటు వాడితే, పోసి పావుగంట ఆగినప్పుడు ప్లాస్టిక్ పొర మెత్తబడింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి: రాగిని కరిగించే అమోనియా ద్రావకాలు రైఫిళ్ల కోసం తయారైనవి. సీసపు గుళ్లు వేసే తుపాకీలో రాగి పొర ఏర్పడదు కనుక, ఎక్కువ ధర పెట్టి వాటిని కొనవలసిన పని లేదు.

1. ఛాంబర్ వైపు నుంచే కడ్డీ దించాలి, గొట్టం మూతి కింద పాత గుడ్డ పరచాలి.
2. ద్రావకంలో తడిపిన గుడ్డతో ఒకసారి తుడిచి, పావుగంట ఆగాలి.
3. బ్రష్షును పూర్తిగా బయటికి వచ్చేదాకా తోయాలి, గొట్టం మధ్యలో వెనక్కి తిప్పకూడదు.
4. పొడి గుడ్డలు తెల్లగా వచ్చేదాకా మార్చాలి.
5. చివరగా మాప్ మీద 3 చుక్కల నూనె వేసి ఒక్కసారి లాగాలి.

రేంజిలో కాల్చి వచ్చిన రోజున కుడి గొట్టానికి 9 గుడ్డలు, ఎడమ గొట్టానికి 14 గుడ్డలు పట్టాయి. ఎడమ గొట్టం మూతి దగ్గర ఎక్కువ ఇరుకు కావడంతో సీసం, ప్లాస్టిక్ అక్కడే ఎక్కువగా పేరుకున్నాయి. ఈ గుడ్డలలో సీసం ఉంటుంది కాబట్టి వాటిని మూట కట్టి పారవేసి, సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతనే వేరే పని ముట్టుకోవాలి.

ఖర్చు: కడ్డీ, బ్రష్షు, మాప్ 1,100; సాల్వెంటు 650. మొత్తం 2,400.

నాలుగో దశ: నూనెల పోటీ

నూనె చేయవలసిన పనులు రెండు. రాసుకునే భాగాల మధ్య పొరగా నిలవడం ఒకటి, గాలినీ తేమనూ ఇనుముకు తగలనీయకపోవడం రెండోది. రెండు గొట్టాల తుపాకీలో వేగంగా పరుగెత్తే భాగాలు లేవు. తెరిచి మూసేటప్పుడు నెమ్మదిగా, గట్టి ఒత్తిడితో రాసుకునే ఇనుమే ఉంది. మా ఊరి గాలిలో దానికి అసలు శత్రువు తుప్పు. అందుకే పరీక్షను తుప్పు చుట్టూనే పెట్టాను.

వెల్డింగు షాపులో 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం గల మైల్డ్ స్టీలు పట్టీలు 100 మి.మీ. ముక్కలుగా కోయించి, 220 నంబరు ఉప్పు కాగితంతో మెరిసేలా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఒక్కోదానికి ఒక్కో నూనె 2 చుక్కలు వేసి గుడ్డతో పులిమాను. లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పు కలిపి, డాబా మీద చూరు కింద నిలువుగా వేలాడదీసిన పట్టీల మీద రోజుకొకసారి పిచికారీ చేశాను. రెండో వరుసను బీరువాలో ఉప్పు నీరు లేకుండా ఉంచాను. మూడో వరుసగా గాజు ముక్కల మీద ఒక్కో చుక్క వేసి ఎండలో పెట్టాను. ఇది నూనె జిగురుగా మారడాన్ని చూడడానికి.

డాబా మీద చూసినది:

నూనె లేని పట్టీ మర్నాటికే ఎర్రబడింది. కొబ్బరి నూనె పట్టీ మూడో రోజున చుక్కలు చుక్కలుగా మొదలుపెట్టింది. కుట్టుమిషను నూనె, డబ్ల్యూడీ-40 రెండూ వారం నిలవలేదు. కుట్టుమిషను నూనె పట్టీలో పై అంచు ఎర్రగా, కింది అంచు శుభ్రంగా ఉంది. పలుచని నూనె కిందికి జారి అడుగున చేరడమే దీనికి కారణం. తుపాకీని గోడకు ఆనించి నిలబెట్టినప్పుడు గొట్టాల మీద జరిగేదీ ఇదే. డబ్ల్యూడీ-40 సంగతి వేరు. 1953లో అమెరికాలో నీటిని తోసివేయడానికి తయారుచేసిన మిశ్రమం అది. అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకమే, మిగిలే పొర పలుచన. వర్షంలో తడిసిన తుపాకీ నుంచి నీరు తరిమేయడానికి దానికి సాటి లేదు, కాని ఆ తరువాత వేరే నూనె రాయక తప్పదు.

కొత్త 20డబ్ల్యూ-40 ఇంజనాయిలు నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కాలం నిలబడింది. తుప్పును ఆపే రసాయనాలు దానిలో ముందే కలిపి ఉంటాయి. అయితే వాహనం నుంచి తీసిన పాత ఇంజనాయిలులో దహనం వల్ల పుట్టిన ఆమ్లాలు, చర్మానికి హాని చేసే పదార్థాలు ఉంటాయి కాబట్టి దానిని పరీక్షకు కూడా తీసుకోలేదు. పలుచని నూనెలలో మొదటి స్థానం సీఎల్‌పీది. శుభ్రం చేయడం, కందెనగా పనిచేయడం, తుప్పు నుంచి కాపాడడం అనే మూడు పనులకూ ఒకే సీసా ఉండాలన్న అమెరికా సైన్యపు ప్రమాణం నుంచి వచ్చిన రకం అది. లిథియం గ్రీజు పట్టీకి ఏమీ కాలేదు, కాని డాబా మీది దుమ్మంతా దానికే అంటుకుంది.

నువ్వుల నూనె, ఆముదం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో వీటినే వాడుతూ వచ్చారు. తుప్పు విషయంలో ఈ రెండూ కొబ్బరి నూనె కంటే మెరుగ్గా నిలబడ్డాయి. గాజు ముక్కల మీద మాత్రం కథ తిరగబడింది. నెల తరువాత నువ్వుల నూనె చుక్క, రోజూ వెలిగించే ప్రమిద అడుగున పేరుకున్న జిడ్డులా పసుపుపచ్చని బంకగా మారి, గోరుతో గీకితే గాని రాలేదు. ఆముదం అంతగా గట్టిపడలేదు గాని తీగ సాగింది. గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడే గుణం కొబ్బరి నూనెలో చాలా తక్కువ, నువ్వుల నూనెలో మధ్యరకం, అవిసె నూనెలో అన్నిటికంటే ఎక్కువ. ఖనిజ తైలాలకు ఈ గుణం దాదాపు లేదు. నెయ్యి, తేనెమైనం రాస్తే ఏమవుతుందని అడిగేవారున్నారు. 1857లో ఎన్‌ఫీల్డు తూటాల కొవ్వు మీద గొడవ రేగినప్పుడు, నెయ్యి, తేనెమైనం వంటి తమకు నచ్చిన కందెన తామే పూసుకోవచ్చని సిపాయిలకు చెప్పి చూశారు కాని, అది గొట్టంలోకి తూటా సులువుగా దిగడానికి వాడే పూత. ఇనుమును కాపాడే పని వేరు.

బీరువాలోని వరుసలో నూనె లేని పట్టీ తప్ప మిగిలినవన్నీ నెల తరువాత కూడా శుభ్రంగానే ఉన్నాయి. ఉప్పు చేరని చోట నూనెల మధ్య తేడా కంటికి కనిపించనంత తగ్గిపోయింది. డబ్బు ఖరీదైన నూనె మీద కంటే ఉప్పు చేరకుండా చూడడం మీద పెట్టాలని ఈ వరుసే తేల్చింది.

ఖర్చు: పట్టీలు 150, కుట్టుమిషను నూనె 40, డబ్ల్యూడీ-40 240, సీఎల్‌పీ 900, మిగిలినవి ఇంట్లోవే. మొత్తం 3,730.

అయిదో దశ: ఎక్కడ ఏది, ఎంత

పై మీట 4 మి.మీ. దగ్గర ఆగడానికి కారణం గాజు ముక్క మీద దొరికింది. ఇంట్లో పెద్దలు ఏళ్ల తరబడి మీట సందులో నువ్వుల నూనె పోసేవారు. సందులోకి ద్రావకం పోస్తే బంక కరిగి ఇంకా లోపలికి, భుజానికి ఆనే మడమ చెక్కలోకి దిగుతుంది కాబట్టి ఆ పని చేయక, లైసెన్సు ఉన్న మరమ్మతుదారుకు అప్పగించాను. ఆయన లోపలి భాగాలు బయటపెట్టినప్పుడు స్ప్రింగు మీదా, గొట్టాలను మూసి బిగించే బోల్టు మీదా పసుపు వార్నిష్ పొర కనిపించింది. ద్రావకంలో నానబెట్టి తుడిచి బిగించాక మీట 1 మి.మీ. దాకా వచ్చింది. మిగిలిన 1 మి.మీ. లోపం కాదని, దానిని కదిలించవద్దని ఆయన అన్నారు. సుత్తులూ, తూటాను కొట్టే పిన్నులూ ఉండే చోట కూడా ఇలాంటి బంక చేరితే పిన్ను దెబ్బ బలహీనమై తూటా పేలకపోవచ్చు.

ఇప్పుడు అనుసరిస్తున్న కొలతలు ఇవి. నూనె అంతా సూది పెట్టిన 2 మి.లీ. సిరంజితోనే వేస్తున్నాను, ఎందుకంటే సీసా మూతి నుంచి పడే చుక్క ఈ పనికి చాలా పెద్దది.

1. మడతబందు కడ్డీ, గొట్టాల కింద దానిని పట్టుకునే కొక్కెం: బియ్యపు గింజంత లిథియం గ్రీజు.
2. ముందు కట్టె ఇనుము యాక్షన్‌తో రాసుకునే వంపు: అంతే గ్రీజు, వేలితో పలుచగా.
3. బోల్టు దిగే గాట్లు: ఒక్కోదానికి గ్రీజు మరక మాత్రమే.
4. ఎక్స్‌ట్రాక్టర్ (తూటాను ఛాంబర్ నుంచి పైకి లేపే భాగం) కడ్డీ: సీఎల్‌పీ 1 చుక్క.
5. పై మీట, సేఫ్టీ సందులు: ఏడాదికి ఒకసారి చెరొక చుక్క.
6. పిన్ను రంధ్రాలు: ఏమీ వేయకూడదు.
7. గొట్టాల బయటి వైపు: గుడ్డ మీద 1 మి.లీ. సీఎల్‌పీ, తరువాత పొడి గుడ్డతో తుడుపు.

చివరి కొలతకు లెక్క ఉంది. రెండు గొట్టాల బయటి వైశాల్యం నేను కొలిచినప్పుడు దాదాపు 850 చదరపు సెం.మీ. వచ్చింది. దాని మీద 1 మి.లీ. సమంగా పరుచుకుంటే పొర మందం సుమారు 12 మైక్రాన్లు అవుతుంది, అది చాలు. అంతకంటే ఎక్కువ పోసినదంతా జారి యాక్షన్‌లోకీ, అక్కడి నుంచి చెక్కలోకీ పోతుంది. గ్రీజును పాత గ్రీజు మీద పూయకూడదు. దానిలో చిక్కిన ఇసుక ఇనుమును అరగదీస్తుంది కనుక, ప్రతిసారీ పూర్తిగా తుడిచి కొత్తది పెట్టాలి.

ఖర్చు: మరమ్మతుదారు కూలి 1,200, గ్రీజు 90, సిరంజి 10. మొత్తం 5,030.

ఆరో దశ: చెక్క

మడమ చెక్క యాక్షన్‌ను కలిసే చోట నల్లబడి, మెత్తబడి ఉంది. ఇన్నేళ్లూ తుపాకీని మూతి పైకి ఉండేలా నిలబెట్టడంతో గొట్టాల నూనె కిందికి దిగి చెక్కలో ఇంకింది. ఖనిజ తైలం చెక్కలో ఆరదు, పీచును మెత్తబరుస్తుంది. సుద్దపొడిని స్పిరిట్‌తో ముద్ద చేసి ఆ చోట పట్టించి, ఆరాక దులిపి, మళ్లీ పట్టించగా ముద్ద గోధుమ రంగుకు తిరుగుతూ వచ్చింది. నాలుగో పూతకు రంగు దాదాపు తెల్లగా నిలిచింది. చెక్క మాత్రం పూర్తిగా గట్టిపడలేదు.

చెక్క మీద అవిసె నూనె రెండు మూడు చుక్కలు అరచేత్తో వేడి పుట్టేలా రుద్ది, ఒక రోజు ఆరనిచ్చి, మళ్లీ రుద్దాను. ఇనుముకు పనికిరాని గట్టిపడే గుణమే ఇక్కడ కావలసినది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి నిప్పు అంటుకోవచ్చు. వాటిని విడదీసి దండెం మీద ఆరేయాలి, లేదా నీళ్ల బకెట్టులో వేయాలి.

ఖర్చు: అవిసె నూనె 180. మొత్తం 5,210.

ఏడో దశ: నిల్వ

బీరువాలో కాన్వాసు తొడుగు తీసేసి, మూతి కిందికి ఉండేలా రబ్బరు షీటు మీద నిలబెట్టాను. ఒక కిలో సిలికా జెల్‌ను నాలుగు గుడ్డ సంచులలో వేసి అడుగునా పైనా పెట్టాను. తలుపు అంచుకు రబ్బరు పట్టీ అంటించనంత కాలం తేమ 70 శాతం కిందికి దిగనేలేదు. గింజలు నీలం నుంచి గులాబీ రంగుకు వారంలోనే మారిపోయాయి. పట్టీ అంటించిన తరువాత తేమ 52 నుంచి 58 శాతం మధ్య నిలిచింది, గింజలు రంగు మారడానికి నెల దాటింది. రంగు మారిన గింజలను 120 డిగ్రీల దగ్గర పాత ఓవెన్‌లో రెండు గంటలు వేడి చేసి మళ్లీ వాడుతున్నాను. నీలం రంగుకు వాడే కోబాల్టు ఉప్పు విషపదార్థం కనుక వంటకు వాడే ఓవెన్‌లో ఈ పని చేయకూడదు.

ఖర్చు: సిలికా జెల్ 450, రబ్బరు పట్టీ ఇంట్లో మిగిలినదే. మొత్తం 5,660.

ఎనిమిదో దశ: వానాకాలం దాటిన తరువాత తనిఖీ

పాత 3 గుంటలలో ఎరుపు లేదు. పై పట్టీ అంచున వేలిముద్ర ఆకారంలోనే ఒక కొత్త మచ్చ కనిపించింది. తుపాకీ చూపించమన్న బంధువు పట్టుకున్న చోటు అది, ఆ రోజు తుడవకుండానే బీరువాలో పెట్టారు. నూనె గుడ్డను ఇప్పుడు మూత ఉన్న డబ్బాలో వేసి బీరువా తలుపుకే తగిలించాను. ఎవరు పట్టుకున్నా లోపల పెట్టేముందు తుడవాలి.

పై మీట 1 మి.మీ. దగ్గరే ఉంది. గ్రీజు పెట్టిన చోట్ల మెరుపు తప్ప గీతలు లేవు. సీఎల్‌పీ సీసాలో ఇప్పటిదాకా 10 మి.లీ. లోపే ఖర్చయింది. మడమ చెక్క యాక్షన్‌ను కలిసే చోట గోరు ఇంకా కొద్దిగా దిగుతోంది. అక్కడ సుద్దముద్ద మరో విడత పట్టించాలా, మరమ్మతుదారు చేత ఆ భాగానికి కొత్త చెక్క అతికించాలా అన్నది వచ్చే ఎండాకాలం చెక్క పూర్తిగా ఆరిన తరువాత కొలిచి నిర్ణయిస్తాను.